ఐదక్షరాల అలవాటు

ఓ చిన్న పరీక్ష. ఇంగ్లిష్‌లో ఐదక్షరాల మాట కావాలి. మొదటి అక్షరం ఎస్. సరిగ్గా మధ్యలో ఏ. చివర ఈ. టైమ్ ఒక్క నిమిషం. ఎన్ని చెప్పగలరో చూడండి.

ఎన్నొచ్చాయి? రెండా? మూడా?

ఇప్పుడీ వరస చదవండి. షేప్, స్పేస్, స్కేల్, స్టేజ్, షేర్, షేవ్, షేడ్, స్నేక్, స్టేట్, స్లేట్, షేక్, స్కేట్, స్పేర్.

వీటిలో మీకు తెలియని మాట ఉందా? లేదు కదా! రోజూ వినేవే. మీరూ వాడేవే. మరి అడగ్గానే ఎందుకు రాలేదు?

అసలు సంగతి ఇదే. మీకు మాటల కొరత లేదు. ఉన్న మాటలు పిలిస్తే పలకడం లేదు. దాన్ని ఇవాళ్టి నుంచే మార్చుకోవచ్చు. రోజుకు పది నిమిషాలు చాలు.

గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు

పేపర్లో ఒక మాట కనిపిస్తే అర్థమవుతుంది. అది గుర్తుపట్టడం. ఇంటర్వ్యూలో అదే మాట సమయానికి నోటికి రావాలి. అది గుర్తుతెచ్చుకోవడం. చాలామంది మొదటిదాంట్లో ఫస్ట్ క్లాస్. రెండోదాంట్లో తడబాటు. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనగానే తెలిసిన మాటలన్నీ బీరువాలో మడతపెట్టిన పట్టుబట్టల్లా లోపలే ఉండిపోతాయి.

వాటిని బయటికి తేవాలంటే మళ్లీ మళ్లీ చదివితే సరిపోదు. మళ్లీ మళ్లీ అడగాలి. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ విద్యార్థుల మీద ఇదే పరీక్షించారు. పాఠాన్ని మళ్లీ చదివినవాళ్ల కన్నా, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది.

"ఫలానా అక్షరాలున్న ఐదక్షరాల మాట చెప్పు" అనే ఆట చేసేదీ అదే పని. పుస్తకం మూయిస్తుంది. మిమ్మల్ని అడుగుతుంది.

ఐదే ఎందుకు?

వర్డిల్ మీకు తెలిసే ఉంటుంది. దాచిన మాటను పట్టుకునే ఆట. ఐదు గళ్లు, ఆరు అవకాశాలు. జాష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ దీన్ని తన జీవిత భాగస్వామి పలక్ షా కోసం తయారు చేశాడు. 2021 నవంబర్ 1న ఆడినవాళ్లు 90 మంది. రెండు నెలలు తిరిగేసరికి 3 లక్షలు దాటారు. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది.

ఈ కథలో మీకు పనికొచ్చే అంకె ఇంకొకటుంది. ఇంగ్లిష్‌లో ఐదక్షరాల మాటలు దాదాపు 12 వేలు. వాటిలో మామూలు మనిషికి తెలిసినవి ఏవో పలక్ షా కూర్చుని ఏరారు. మిగిలినవి దాదాపు 2,300. అంటే వాడుకలో ఉన్న ఐదక్షరాల ఇంగ్లిష్ దాదాపు అంతే! అందులో సగానికి పైగా మీకు ఇప్పటికే పరిచయం. ఇది సముద్రం కాదు. ఒడ్డు కనిపిస్తోంది. దిగండి.

ఈ ఆట మనకు కొత్త కాదు

అష్టావధానం చూశారా? పద్యంలో ఫలానా చోట ఫలానా అక్షరమే పడాలని ఒక పృచ్ఛకుడు అడుగుతాడు. అది న్యస్తాక్షరి. మరో పృచ్ఛకుడు పక్కనే కూర్చుని ఒక్కో అక్షరాన్నీ నిషేధిస్తూ పోతాడు. అది నిషిద్ధాక్షరి. అవధాని ఆగడు. కోపగించుకోడు. ఆ దారి మూస్తే ఇంకో దారిలో పద్యం పూర్తి చేస్తాడు.

వర్డిల్‌లో అక్షరం చోటు ఖరారు చేసే పచ్చ గడి న్యస్తాక్షరి. ఆ అక్షరం లేదని చెప్పే బూడిద గడి నిషిద్ధాక్షరి. అవధానులకు నిషేధం అడ్డంకి కాదు, ఆలోచనకు పదును. ఆ మైండ్‌సెట్‌తోనే మొదలుపెడదాం. ఐదు మెట్లు. ఒక్కొక్కటిగా ఎక్కండి.

మెట్టు 1: ఎక్కువ పనిచేసే అక్షరాలను ముందు పట్టండి

1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్ ఖాళీగా కూర్చోలేదు. న్యూస్‌పేపర్లు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టాడు. ఆ లెక్కలోంచే స్క్రాబుల్ అనే మాటల ఆట పుట్టింది. అందులో "ఈ" అక్షరం బిళ్లలు 12. ఏ, ఐ చెరో 9. క్యూ ఒక్కటే. కానీ దాని విలువ 10 పాయింట్లు.

మీకు పాఠం ఏమిటి? మొదటి ప్రయత్నం ఎప్పుడూ ఎక్కువగా వచ్చే అక్షరాలతోనే చేయండి. ఈ, ఏ, ఆర్, ఓ, టి, ఎల్, ఐ, ఎస్, ఎన్. ఈ తొమ్మిదింటి నుంచి పుట్టే కొన్ని మాటలు:

- స్లేట్. ఎస్-ఎల్-ఏ-టి-ఈ. పలక.
- రెయిజ్. ఆర్-ఏ-ఐ-ఎస్-ఈ. పైకెత్తు, పెంచు.
- స్టేర్. ఎస్-టి-ఏ-ఆర్-ఈ. రెప్పవేయకుండా చూడు.
- ఎలోన్. ఏ-ఎల్-ఓ-ఎన్-ఈ. ఒంటరిగా.
- ఐరేట్. ఐ-ఆర్-ఏ-టి-ఈ. మండిపడుతున్న.

చదువులోనూ పనిలోనూ సూత్రం ఇదే. ఎక్కువ ఫలితమిచ్చే వాటిని ముందు ముగించండి. అరుదైనవి తర్వాత చూసుకోవచ్చు.

మెట్టు 2: మాటను కాదు, మూసను పట్టుకోండి

వంద మాటలు విడివిడిగా బట్టీ పడితే వారంలో ఎగిరిపోతాయి. పది మూసలు పట్టుకుంటే వంద మాటలు వాటంతట అవే వస్తాయి.

మనకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తెలుగులో పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. కాబట్టి మన ప్రాక్టీస్ మొదలవ్వాల్సింది పలకని అక్షరాల దగ్గరే.

కె-ఎన్ కలిసి మొదట్లో వస్తే కె పలకదు:

- నాక్. కె-ఎన్-ఓ-సి-కె. తలుపు తట్టు.
- నీల్. కె-ఎన్-ఈ-ఈ-ఎల్. మోకరిల్లు.
- న్యాక్. కె-ఎన్-ఏ-సి-కె. కిటుకు, నేర్పు.

డబ్ల్యూ-ఆర్ వస్తే డబ్ల్యూ పలకదు:

- రిస్ట్. డబ్ల్యూ-ఆర్-ఐ-ఎస్-టి. మణికట్టు.
- రెక్. డబ్ల్యూ-ఆర్-ఈ-సి-కె. ధ్వంసం చేయు, శిథిలం.

మనం రోజూ అనే డౌట్‌లోనూ ఒక అక్షరం దాక్కుంది. డి-ఓ-యూ-బి-టి. బి నోరు మెదపదు.

క్యూ ఉంటే పక్కన యూ కోసం చూడండి. దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది:

- క్వెరీ. క్యూ-యూ-ఈ-ఆర్-వై. సందేహం, వాకబు.
- కోటా. క్యూ-యూ-ఓ-టి-ఏ. వాటా.
- క్వాష్. క్యూ-యూ-ఏ-ఎస్-హెచ్. కొట్టివేయు. హైకోర్టులో క్వాష్ పిటిషన్ వార్త ఎన్నిసార్లు చదివారో!

ఏ, ఈ, ఐ, ఓ, యూ ఒక్కటీ లేకపోతే? కంగారు వద్దు. వై కోసం వెతకండి:

- నింఫ్. ఎన్-వై-ఎం-పి-హెచ్. గ్రీకు కథల్లో వనదేవత.
- క్రిప్ట్. సి-ఆర్-వై-పి-టి. చర్చి అడుగున ఉండే నేలమాళిగ.
- ట్రిస్ట్. టి-ఆర్-వై-ఎస్-టి. ముందే అనుకున్న కలయిక. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి నెహ్రూ ప్రసంగంతో దేశమంతా విన్న మాట.

ఇక గడుసు కుటుంబం ఒకటి. చివరి నాలుగక్షరాలూ ఓ-యూ-జి-హెచ్. మొదటి అక్షరం మారితే పలుకే మారిపోవచ్చు:

- మొదట టి అయితే టఫ్. కఠినమైన.
- ఆర్ అయితే రఫ్. గరుకైన.
- సి అయితే కాఫ్. దగ్గు.
- డి అయితే డో. కలిపిన పిండి ముద్ద.
- బి అయితే బౌ. చెట్టు పెద్దకొమ్మ.

ఇక్కడ లాజిక్ వెతకొద్దు. ఐదింటినీ ఒకే పేజీలో రాయండి. పైకి చదవండి. మూడు రోజుల్లో నాలుక దారిన పడుతుంది.

మెట్టు 3: కవలల సంగతి తేల్చుకోండి

అవే ఐదు అక్షరాలు. చోటు మారితే అర్థం మారుతుంది. ఈమెయిల్స్‌లో, షాపు బోర్డుల్లో, ఎగ్జామ్ పేపర్లలో మార్కులు, మర్యాద పోయేది వీటి దగ్గరే.

- డైరీ, డెయిరీ. ఐ ముందు, ఏ తర్వాత వస్తే రోజువారీ సంగతులు రాసుకునే పుస్తకం. ఏ ముందు, ఐ తర్వాత వస్తే పాల కేంద్రం.
- క్వయట్, క్వైట్. చివర ఈ-టి ఉంటే నిశ్శబ్దం. టి-ఈ ఉంటే "చాలా", "బాగానే".
- ఏంజెల్, యాంగిల్. చివర ఈ-ఎల్ ఉంటే దేవదూత. ఎల్-ఈ ఉంటే కోణం.
- ట్రయల్, ట్రెయిల్. ఐ-ఏ అయితే విచారణ. ఏ-ఐ అయితే కాలిబాట, జాడ.

ఒక్క అక్షరం తేడాతో వచ్చే ముగ్గురు కూడా ఉన్నారు. అడాప్ట్, అంటే పరిస్థితికి తగ్గట్టు మారు. మధ్యలో ఏ. అడాప్ట్‌లాగే వినిపించే రెండోదాంట్లో మధ్యలో ఓ. దత్తత తీసుకో, స్వీకరించు అని అర్థం. అడెప్ట్, మధ్యలో ఈ. ఆరితేరిన అని అర్థం.

రెండేసి మాటలను పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న అక్షరాల కింద గీత గీయండి. ఆటోకరెక్ట్ మిమ్మల్ని ఇక్కడ కాపాడదు. రెండూ సరైన స్పెల్లింగులే కదా!

మెట్టు 4: ప్రతి మాటకూ నాలుగు ప్రశ్నలు

న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. విచిత్రం ఏమిటంటే ఆయనకు ఫ్రెంచ్ మాట్లాడటం రాదు. మాటల జాబితా మొత్తం జ్ఞాపకం పెట్టుకున్నాడు. అద్భుతమైన జ్ఞాపకశక్తి. కానీ మీ లక్ష్యం అది కాదు. మీరు బోర్డు మీద గెలవడానికి నేర్చుకోవడం లేదు. మనుషులతో మాట్లాడటానికి నేర్చుకుంటున్నారు.

మీకు సరిపోయే దారి స్పెల్లింగ్ బీ పోటీల్లో ఉంది. 2024లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ గెలిచిన బృహత్ సోమ నల్గొండ మూలాలున్న కుటుంబంలోని అబ్బాయి. అప్పటికి వయసు 12. టైబ్రేకర్‌లో 90 సెకన్లలో 29 మాటలకు సరైన స్పెల్లింగ్ చెప్పాడు. ఆ రోజు రెండో స్థానంలో నిలిచిన ఫైజాన్ జాకీది హైదరాబాద్ మూలాలున్న కుటుంబం. అతను ఇంటికెళ్లి పుస్తకాలు మూసేయలేదు. 2025లో తిరిగొచ్చి టైటిల్ పట్టుకెళ్లాడు.

ఆ పిల్లలు మైక్ ముందు వెంటనే జవాబు చెప్పేయరు. ముందు ప్రశ్నలు అడుగుతారు. నియమాలు అందుకు ఒప్పుకుంటాయి. అవే ప్రశ్నలు మీరూ అడగండి:

1. అర్థం ఏమిటి?
2. నౌనా, వెర్బా, అడ్జెక్టివా?
3. ఏ భాష నుంచి వచ్చింది?
4. వాక్యంలో ఎలా వాడతారు?

లూసిడ్ తీసుకోండి. ఎల్-యూ-సి-ఐ-డి. అర్థం స్పష్టమైన. అడ్జెక్టివ్. వెలుగుకు చెందిన లాటిన్ మూలం నుంచి వచ్చింది. అది తెలియగానే ఎలూసిడేట్ అంటే వివరించడమనీ, ట్రాన్స్‌లూసెంట్ అంటే కాస్త వెలుగు పారనిచ్చేదనీ గుర్తుంటుంది. ఒక మాట అడిగితే మూడు చేతికొచ్చాయి.

జీఆర్ఈ రాయబోతున్నారా? 2011 ఆగస్టులోనే ఆ పరీక్షలోంచి యాంటోనిమ్స్, అనాలజీస్ తీసేశారు. ఇప్పుడు వాక్యంలో మాట ఎలా ఒదుగుతుందో అడుగుతారు. కాబట్టి నాలుగో ప్రశ్నను అస్సలు వదలొద్దు.

మెట్టు 5: మూడు డబ్బాలు

1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత ఒక సులువైన పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. చిన్న కార్డులు, కొన్ని డబ్బాలు. అంతే ఖర్చు. మీ కోసం దాన్ని మూడు డబ్బాలకు కుదిద్దాం. ఇంట్లో ఖాళీ స్వీట్ డబ్బాలుంటే చాలు.

- కార్డుకు ఒకవైపు అక్షరాల మూస, మరోవైపు మాట, అర్థం రాయండి.
- మొదటి డబ్బా రోజూ తీయండి. రెండోది మూడు రోజులకోసారి. మూడోది వారానికోసారి.
- జవాబు వస్తే కార్డు తర్వాతి డబ్బాలోకి. రాకపోతే మళ్లీ మొదటి దాంట్లోకి.

మొదటి డబ్బాకు తిరిగొచ్చిన కార్డు మీ ఓటమి కాదు. ఇవాళ ఎక్కడ దృష్టి పెట్టాలో చెబుతోంది.

తప్పు జవాబుతో పని చేయించుకోండి

ఈ ఆటలో ఒక ఉచ్చు ఉంది. చివరి నాలుగక్షరాలు ఐ-జి-హెచ్-టి అని తేలిపోయింది. మొదటి గడి ఖాళీ. ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్, ఎయిట్. ఎనిమిది అవకాశాలు! మీకు మిగిలిన ప్రయత్నాలు మూడు. ఒక్కొక్కటీ వేసుకుంటూ పోతే ఓడిపోయే ప్రమాదమే ఎక్కువ.

తెలివైన ఆటగాడు ఏం చేస్తాడు? జవాబు కాదని తెలిసీ ఫిల్మ్స్ అని వేస్తాడు. ఎఫ్-ఐ-ఎల్-ఎం-ఎస్. ఒక్క దెబ్బకు ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగూ పరీక్షకు నిలబడతాయి. ఒకటి వెలిగితే జవాబు దొరికినట్టే. ఒక్కటీ వెలగకపోతే ఎనిమిది నాలుగయ్యాయి.

ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడూ ఇదే చేయండి. సరైన మాట దొరకలేదా? ఆగిపోకండి. దగ్గర మాట వేయండి. ఎదుటివాళ్లు సరిచేస్తారు. ఆ సరైన మాట ఇక మీదే. తప్పు దొర్లుతుందేమోనని నోరు కట్టుకుని కూర్చున్నవాళ్లకు ఈ లాభం ఎప్పటికీ రాదు.

మీ పది నిమిషాల ప్లాన్

- 2 నిమిషాలు: ఒక మూస రాసుకోండి. ఫోన్ చూడకుండా ఎన్ని మాటలొస్తే అన్ని రాయండి.
- 3 నిమిషాలు: కొత్త మాట ఒకటి ఎంచుకోండి. డిక్షనరీ తెరవండి. నాలుగు ప్రశ్నలు అడగండి.
- 3 నిమిషాలు: ఆ మాటతో మూడు వాక్యాలు. మీ ఆఫీసు గురించి ఒకటి, ఇంటి గురించి ఒకటి, మీ గురించి ఒకటి.
- 2 నిమిషాలు: డబ్బాలోని పాత కార్డులు.

టైమ్ మీరే ఫిక్స్ చేయండి. కాఫీ తాగేటప్పుడా, మెట్రోలోనా, పిల్లల్ని బస్సు ఎక్కించాకా? ఏదైనా సరే. రోజూ అదే టైమ్. అలవాటుకు వేళ కావాలి, మూడ్ కాదు.

ఇవి మాత్రం వద్దు

- అక్షరాలు కొడితే జవాబులు రాల్చే యాప్‌ను ముందే తెరవొద్దు. ముందు రెండు నిమిషాలు మీ బుర్రకు ఇవ్వండి. తర్వాత తెరిచి, మీకు రాని మాటలు మాత్రం తీసుకోండి.
- ఒకేరోజు యాభై మాటలు వద్దు. రోజుకొకటి. ఏడాదికి 365.
- ఒకరోజు తప్పిందని మొత్తం వదిలేయొద్దు. మర్నాడు కూర్చోండి. అంతే.
- గొప్ప కోసం పెద్ద మాటలు వద్దు. ఐదక్షరాల్లో పని జరిగితే పదమూడు అక్షరాలెందుకు?

ఇంగ్లిష్ మాట్లాడే తోడు లేరా?

ఈ సాకు ఇక చెల్లదు. మీ తెలుగు వాక్యంలోనే కొత్త మాటను వాడేయండి. మన భాషకు ఆ వెసులుబాటు ఉంది. చివర "గా" పెట్టండి, లేదా "చేయి" తగిలించండి. ఏ ఇంగ్లిష్ మాటైనా ఒదిగిపోతుంది. మొదటి వారానికి ఏడు మాటలు ఇవిగో:

1. లూసిడ్. స్పష్టమైన. "సార్ పాఠం లూసిడ్‌గా ఉంది."
2. టర్స్. టి-ఈ-ఆర్-ఎస్-ఈ. ముక్తసరి. "మేనేజర్ గారి రిప్లై టర్స్‌గా ఉందేంటి?"
3. టాసిట్. టి-ఏ-సి-ఐ-టి. పైకి అనకుండానే అర్థమైన. "దానికి ఆయన టాసిట్ సపోర్ట్ ఉంది."
4. అవర్ట్. ఏ-వి-ఈ-ఆర్-టి. జరగకుండా ఆపు. "డ్రైవర్ పెద్ద ప్రమాదాన్ని అవర్ట్ చేశాడు."
5. అడెప్ట్. ఆరితేరిన. "అక్క లెక్కల్లో అడెప్ట్."
6. క్వెల్. క్యూ-యూ-ఈ-ఎల్-ఎల్. అణచు, చల్లార్చు. "ఒక్క ఫోన్‌తో నా భయాలన్నీ క్వెల్ చేసింది."
7. వివిడ్. వి-ఐ-వి-ఐ-డి. కళ్లకు కట్టినట్టున్న. "ఆ ట్రిప్ ఇంకా వివిడ్‌గా గుర్తుంది."

సోమవారం దాకా ఆగొద్దు. ఒకటో తారీఖు ముహూర్తం అక్కర్లేదు. ఈ ఏడింటిలో ఒకటి ఇప్పుడే ఎంచుకోండి. కార్డు మీద రాయండి. రాత్రి పడుకునేలోపు ఇంట్లో ఎవరితోనైనా ఒక్కసారి వాడండి. వాళ్లు "అంటే ఏంటి?" అని అడిగితే ఇంకా మంచిది. మీరే వివరించండి. ఒకరికి చెప్పగలిగిన మాటను మీరు అంత సులువుగా మరచిపోరు.